బాపుకు చదివి వినిపించిన వ్యాసం

మొన్న మా మనవరాలు బడి నుంచి ఒక అచ్చు కాగితం తెచ్చి నా ఒళ్లో పడేసింది. ఏడో తరగతి పిల్ల. కాగితం నిండా గళ్లు. మొదటి గడి మీద ‘నీ అభిప్రాయం’ అని ఉంది. దాని కింద ‘కారణాలు’, ఆ కింద ‘ఎదుటివారు ఏమంటారు?’, అన్నిటికంటే అడుగున ‘వారికి నీ జవాబు’. తరగతిలోకి ఫోన్లు తేనివ్వాలా వద్దా అన్నది విషయమట. పిల్ల కాళ్లు ఊపుకుంటూ, నేను చాయ తాగి గ్లాసు కింద పెట్టేలోపల గళ్లన్నీ నింపేసి టీవీ ముందుకు పోయింది.

నేను మాత్రం ఆ కాగితం పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. ‘ఎదుటివారు ఏమంటారు?’ అన్న గడిని ఇంత తేలిగ్గా నింపవచ్చని నాకు తెలియదు. ఆ వయసులో నేనూ దాన్ని నింపాను. అచ్చు గడిలో కాదు, నోటుపుస్తకం నుంచి చింపిన కాగితం మీద. ఆ దెబ్బకు మా ఇల్లు చాలా ఏళ్లు తేరుకోలేదు. 

మాది వేములవాడకు పోయే తోవలో ఒక చిన్న బజారు ఊరు. ముందు భాగం బట్టల దుకాణం, వెనుక భాగం ఇల్లు, మధ్యలో ఒక పరదా. రాజన్న దర్శనానికి పోయే జనం ఆదివారం పొద్దు నుంచే మా ముందు ఆగేవాళ్లు. కొత్త బట్టల గంజి వాసన, పక్క కిరాణా దుకాణం నుంచి వచ్చే ఎండుమిరపకాయల ఘాటు, బెల్లం, దీపాల గ్యాసునూనె, ఇవన్నీ కలిసిన గాలిలోనే నేను పుట్టాను, పెరిగాను. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. పరదా వెనుక అవ్వ పచ్చిపులుసులోకి ఉల్లిగడ్డ తరుగుతూ ముందర జరిగే బేరం మొత్తం వినేది. బాపు గొంతు ఎప్పుడు తగ్గితే గిరాకి పడబోతున్నాడో చెప్పగలిగేది.

మా ఇంట్లో ఎవరూ తమకు కావలసింది తిన్నగా అడిగేవాళ్లు కాదు. రెండు సకినాలు కావాలంటే నేను నాలుగు అడగాలి. అవ్వ ఒకటి అంటుంది. నేను అలుగుతాను. రెండు చేతిలో పడతాయి. అవ్వ పుట్టింటికి పోవాలన్నా అంతే. పది రోజులు అంటుంది, బాపు రెండు అంటాడు, ఇద్దరికీ మొదటి నుంచీ తెలిసిన ఐదు రోజుల దగ్గర ఆగుతారు. జ్వరం వస్తే వైద్యుడి దగ్గర కూడా కొంచెం ఎక్కువ చేసి చెప్పేవాళ్లం, ఆయన కొంత తగ్గించి అనుకుంటాడని. ఇదంతా మోసం అని మాకు ఎప్పుడూ అనిపించలేదు. మాట్లాడే పద్ధతి అదే అనుకున్నాం.

ఆ విద్యలో నేను బాపును మించిపోయానని బజారులో పేరు. సీతాఫలాల గంప దించిన ముసలమ్మ దగ్గర కూర్చుని, ఒక్కో పండు తీసి చెవి దగ్గర ఊపి, “దీంట్ల పురుగున్నది, దీంట్ల నీళ్లున్నయి” అంటుంటే ఆమె తల పట్టుకుంది.

“షావుకారి బిడ్డా, నీకంటే నీ బాపు నయం గదనే! ఆయన ధర తగ్గిస్తడు. నువ్వు పండు ఇజ్జతే తీస్తున్నవ్.”

దాన్ని నేను మెచ్చుకోలుగా తీసుకుని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. అంత తెలివి నాది.

ఆ సీతాఫలాల రోజుల్లోనే మా బడికి కొత్త తెలుగు సార్ వచ్చారు. మంథని నుంచి వచ్చారు కాబట్టి మంథని సార్ అనేవాళ్లం. బక్కపలుచటి మనిషి. ధోవతి మీద కోటు, కోటు జేబులో నస్యం డబ్బీ. అంతకుముందున్న సార్ మాకు ఆవు మీద, శుభ్రత మీద వ్యాసాలు నల్లబల్ల మీద రాసి పెడితే మేము పుస్తకాల్లో ఎక్కించుకుని కంఠతా పట్టేవాళ్లం. ఉర్దూలో సంతకం పెట్టే మా పెద్దసార్ అవి చూసి “అచ్ఛా” అనేవారు. అంతటితో వ్యాసం పని అయిపోయేది.

మంథని సార్ మొదటి రోజే ఆ పుస్తకాలన్నీ మూయించారు.

“ఆవు మంచిదని రాసిండ్రు. కాదని ఎవలన్న అంటున్నరా? ఎవలూ కాదననిదాని మీద ఇంత సిరా ఎందుకు? కొట్లాడేటందుకు వీలున్నది రాయుండ్రి.”

తరగతి బిక్కచచ్చిపోయింది. బడిలో కొట్లాడవద్దని అప్పటిదాకా దెబ్బలు తిన్నవాళ్లం మేము. ఈ సార్ కొట్లాడమంటున్నారు, అదీ సిరాతో.

ఆయన నల్లబల్ల మీద ఒక్క మాట పెద్దగా రాశారు: ఎందుకంటే. “మీరు ఏం చెప్పినా సరే, దాని పక్కన ఇది రాయాలె. ఇది లేని మాట ఉత్త ఒర్రుడే, ఉత్త అరుపే.”

ఆ మాట మాకు అంటురోగంలా పట్టుకుంది. సాయంత్రం అవ్వ “బాయి కాడికి పోయి రెండు బిందెల నీళ్లు తే” అంటే నేను నడుము మీద చేతులు పెట్టుకుని “ఎందుకంటే?” అన్నాను.

“ఎందుకంటే నీ వీపు దురద పెడుతున్నట్టున్నది” అని అవ్వ చేతిలోని కట్టె చూపించింది. కారణం గట్టిదే. బిందె ఎత్తుకున్నాను.

దుకాణంలో బాపు కూడా విని నవ్వాడు. “మంచిగనే నేర్పుతుండు మీ సార్. గిరాకి గూడ గిట్లనే అడుగుడు మొదలువెడితే దుకాణం బందువెట్టి మంథనికే పోవాలె.”

మొదటి విషయం సార్ మా ఊరి నుంచే తీశారు. గురువారం మా ఊరి అంగడి. ఆ రోజు సగం మంది పిల్లలు ఎట్లాగూ బడికి రారు. అంగడినాడు బడికి సెలవు ఇవ్వాలా వద్దా? కుడివైపు వాళ్లు ఇవ్వాలని, ఎడమవైపు వాళ్లు వద్దని రాయాలి. నేను కుడివైపు. ఐదు కారణాలు రాశాను. ఎడ్లు తోవకు అడ్డం వస్తాయి, అరుపులకు పాఠం వినపడదు, ఇట్లాంటివి. ఐదోది, సార్ కూడా ఆ రోజు కూరగాయలకు పోవాలి కదా అని. పిల్లలు పగలబడి నవ్వారు. సార్ కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వి, తరువాత కాగితం నా చేతికే ఇచ్చారు.

“మంచిగున్నది. ఇగ సెలవు వద్దనేటోళ్లు ఏమంటరో గూడ నువ్వే రాయి.”

నేను తప్పు విన్నాననుకున్నాను. “వాళ్లు అనేది నేనెందుకు రాయాలె సార్? వాళ్లే రాసుకుంటరు.”

“నువ్వే రాయాలె. వాళ్ల కంటే మంచిగ రాయాలె.”

నాకు కోపం వచ్చింది. “సార్, మా బాపు చీర పరిచి ‘అమ్మా, గీ అంచు కాడ రంగు పోతది’ అని గిరాకికి చెప్తడా? చెప్తే ఎవలు కొంటరు?”

“చెప్పకుంటే గిరాకికి కండ్లు లేవా? సూస్తది. సూసి ఏమనుకుంటది? షావుకారుకు ఎరుక లేదనన్న అనుకుంటది, దాసిపెట్టిండనన్న అనుకుంటది. రెండిట్ల నీకేది కావాలె?”

పన్నెండేళ్లలో బేరంలో నేను ఓడటం అదే మొదటిసారి. కాగితం తిరగేసుకున్నాను.

నా పక్కన కూర్చునేది నేతపని వాళ్ల పిల్ల. వాళ్ల నాయన నేసిన తువ్వాళ్లు మా దుకాణానికే వచ్చేవి. ఆయన మూట విప్పుతుంటే, బాపు కంటే ముందు నేనే ఒక తువ్వాల ఎత్తి వెలుతురుకు పట్టి “నేత పలుచగున్నది” అనేదాన్ని. సార్ సరిగ్గా మా ఇద్దరి మధ్య నుంచే తరగతిని పంచారు కాబట్టి ఆ పిల్ల ఎడమవైపు. మనిషి నెమ్మది, మాట ఇంకా నెమ్మది. సార్ లేపితే లేచి, ఒక్కటే వాక్యం చదివింది.

“అంగడినాడు సెలవు వద్దు. ఎందుకంటే, సెలవు ఇస్తే నేను ఇంటి దగ్గర దారం కండెలు చుట్టాలి. బడిలో మాత్రమే నా చేతులు ఖాళీగా ఉంటాయి.”

ఎవరూ నవ్వలేదు. నేను పక్కకు తిరిగి దాని చేతులు చూశాను. చూపుడువేలి మీద దారం కోసిన గీతలు, ఒకదాని మీద ఒకటి, కొన్ని మానినవి, కొన్ని పచ్చివి. ఏడాది నుంచి ఆ చేయి నా మోచేతికి తగులుతూనే ఉంది. నేను వెలుతురుకు పట్టిన తువ్వాళ్ల దారం ఆ చేతుల మీదుగా వచ్చిందే.

సార్ నా వైపు చూశారు. “ఈమె మాట నీ కాయితం మీద రాసుకో. అటెన్క జవాబు రాయి.”

గంట కొట్టేదాకా కలం పట్టుకుని కూర్చున్నాను. చివరికి ‘దీనికి నా దగ్గర జవాబు లేదు’ అని రాసి ఇచ్చాను. మరునాడు చూస్తే తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు నాకే. ఖాళీ చేయి చూపిస్తే దండించకుండా ఎత్తి కూర్చోబెట్టడమేమిటో అర్థం కాలేదు. బజారులో నేను నేర్చుకున్నదంతా ఎవరో తిరగేసి తొడుక్కుని వచ్చినట్టుంది.

అప్పుడైనా నేను బుద్ధిగా నేర్చుకుని ఉంటే బాగుండేది. నేను నేర్చుకున్నది ఇంకోటి. అవతలివాడి మాట మనమే ముందు చెప్తే అవతలివాడి నోరు కట్టేసినట్టే అని. సార్ ఇచ్చిన దాన్ని నేను నా దుకాణంలో అమ్మకానికి పెట్టుకున్నాను.

హోళీ దగ్గరికి వచ్చింది. పిల్లలు మోదుగుపూలు ఉడకబెట్టి రంగు తీస్తున్నారు. ఒంటిపూట బడులు. అప్పుడు సార్ ఆఖరి వ్యాసం ఇచ్చారు.

“ఇది నా కోసం కాదు. మీకు ఏం కావాలె? దానికి ‘సరే’ అనేటోళ్లు ఎవరున్నరు? వాళ్లకు రాయుండ్రి. వాళ్ల ముంగట నిలబడి సదువుండ్రి. ఏమైందో వచ్చి నాకు చెప్పుండ్రి.”

ఒకడు పొద్దున అంబలి వద్దని వాళ్ల అవ్వకు రాశాడు. అవ్వ మొత్తం విని, రెండు గిన్నెలు తాగించింది. ఇంకొకడు బడి వసారాలో నీళ్ల కుండ పెట్టమని పెద్దసార్‌కు రాశాడు. మూడో రోజుకు నిజంగానే కుండ వచ్చింది, మూతతో సహా. దాని చుట్టూ మేము జాతరలో లాగా తిరిగాం. కాగితం మీది మాటకు మట్టికుండ వస్తుందని మాకెవరికీ నమ్మకం లేదు మరి.

నాకు కావలసింది నాకు బాగా తెలుసు. మా బడి ఏడుతో ఆఖరు. ఏడు పాసైన ఆడపిల్ల మా బజారులో ఇంటిపట్టున ఉండిపోయేది. ఒక్కరు కూడా ఎనిమిదికి పోలేదు. రెండు కోసుల దూరంలో, అంటే నాలుగు మైళ్లకు, ఇంకో ఊరిలో పెద్దబడి ఉంది. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. పొద్దున పోయి, సాయంత్రం అవ్వ సర్వపిండి కాల్చే వేళకు ఇంటికి రావచ్చు. అదీ నాకు కావలసింది. అంతే.

అయితే అదే అడుగుతారా ఎవరైనా? అది అడిగితే బాపు ‘ఇంట్లనే సదువుకో’ అంటాడు, అటూ ఇటూ లాగితే ‘ఏడు మళ్లొకపారి సదువు’ దగ్గర ఆగుతాం. అందుకని కరీంనగర్ అడగాలనుకున్నాను. అక్కడ ఆడపిల్లల బడి ఉంది, ఉండటానికి హాస్టల్ ఉంది. కరీంనగర్ అంటే బాపు ఎగిరిపడతాడు, అవ్వ ఏడుస్తుంది, నేను అన్నం మానేస్తాను, రెండో రోజు సాయంత్రానికి రెండు కోసుల బడి దగ్గర బేరం కుదురుతుంది. దిగడానికి మెట్లు కూడా ముందే అనుకుని పెట్టుకున్నాను.

వ్యాసం నాలుగు రోజులు రాశాను. నా పన్నెండేళ్ల తెలివంతా దానిలో పోశాను. బాపు మాటలు బాపు కంటే బాగా రాశాను. బజారు నవ్వుతుంది. జబ్బు చేస్తే చూసే దిక్కుండదు. హాస్టల్ తిండి ఎట్లుంటుందో. ప్రతి మాటకూ జవాబు రాశాను. చివరికి ఇంకొక కారణం తట్టింది, బాపు పైకి ఎప్పుడూ అననిది. సాయంత్రం గిరాకి తగ్గాక నేను ఆయన ఎదురుగా కూర్చుని, పరిచిన బట్టల థాన్లు ఆయనతో కలిసి మడతపెట్టేదాన్ని. ఆ వేళ మేము ఆ రోజు వచ్చిన గిరాకీలను అనుకరిస్తూ నవ్వుకునేవాళ్లం. అది కూడా రాస్తే ఇంకేమీ మిగలదు కదా అని రాశాను.

మిట్టమధ్యాహ్నం. బజారు ఖాళీ. బాపు దిండుకు ఆనుకుని, గజం కర్ర పొట్ట మీద పెట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు.

“బాపూ, నీకో వ్యాసం సదవాలె.”

“నాకా? నేనేమన్న బడి ఇన్స్పెక్టర్‌నా?”

“సార్ సదవమన్నడు.”

“సదువు మరి. కండ్లు మూసుకుంటె ఇనొద్దని ఉన్నదా?”

చదివాను. కరీంనగర్ అన్న మాటకు ఆయన కళ్లు తెరవలేదు. కారణాలకు తెరవలేదు. ‘మా బాపు ఏమంటారంటే’ అన్న చోటుకు వచ్చాక ఒక కన్ను తెరిచాడు. బజారు నవ్వుతుంది అంటే “అవు” అన్నాడు. జబ్బు చేస్తే దిక్కుండదు అంటే పరదా వెనుక నుంచి అవ్వ, “అగో, గదే గదా!” అంది. ఆఖరి కారణం వచ్చింది.

‘నేను పోతే సాయంత్రం మా బాపుకు తోచదు. థాన్లు మడిచేటప్పుడు ఎదురుగా ఎవరూ ఉండరు.’

బాపు లేచి కూర్చున్నాడు. నేను గెలుస్తున్నానని నాకు ఒళ్లంతా పొంగు. ఊపులో జవాబు చదివేశాను.

‘దీనికి నా జవాబు. రెండు రోజులు తోచదు. మూడవ నాటికి అలవాటవుతుంది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు.’

గజం కర్ర జారి కింద పడింది. ఆయన వంగి తీసుకున్నాడు. చాలా నిదానంగా తీసుకున్నాడు.

“ఐపోయిందా?”

“ఐపోయింది.”

“సరే. పో.”

అంతే. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. నా మెట్లన్నీ గాలిలో ఉండిపోయాయి. దిగడానికి అవతల మనిషే లేడు. పరదా పక్కకు లాగి అవ్వ బయటికి వచ్చింది, చేతికి పిండి అట్లాగే ఉంది.

“ఏందయ్యా! ఒక్క మాట గూడ అనవా?”

“అనేటందుకు ఏమున్నది? నా మాటలు అదే చెప్పె, జవాబు అదే చెప్పె. నాకేం మిగిల్చింది?”

నేను అప్పుడు ‘వద్దు బాపూ, దగ్గరి బడి చాలు’ అనవచ్చు. ఇన్నేళ్లుగా ఆ చోట నిలబడి ఆ మాట అనుకుంటూనే ఉన్నాను. కానీ మా బజారులో, అడిగింది అవతలివాడు ఇస్తానన్నాక వెనక్కి పోయినవాడి మాటకు మళ్లీ విలువ ఉండదు. వాడిని చూసి దుకాణాల వాళ్లు కనుసైగ చేసుకుంటారు. పన్నెండేళ్ల నాకు అది చావు కంటే పెద్దది. పైగా పక్క కిరాణా దుకాణం తాత గోడ అవతలి నుంచి అంతా విన్నాడు. పొద్దు వంగేలోపు బజారంతా మా ముందే.

“నీ బిడ్డ కరీంనగర్ పోతున్నదటనే! మొత్తానికి నిన్ను ఓడగొట్టింది పో!”

“ఓడగొట్టింది” అని బాపు నవ్వాడు. నవ్వు పెదవుల దాకే వచ్చింది. అంతమంది ముందు ఆయన వెనక్కి రాలేడు, నేను రాలేను.

మరునాడు సార్ దగ్గరికి పోయాను. “ఏమైంది?” అన్నారు.

“సరే అన్నడు సార్.”

“మరి ఏడుస్తవేంది?”

చెప్పాను. మొత్తం చెప్పాను. సార్ చేతిలో నస్యం చిటికె అట్లాగే ఆగిపోయింది.

“నీకు కావలసింది పక్కూరి బడా? మరి కరీంనగర్ అని ఎందుకు రాసినవ్?”

“కావలసింది మొదలే ఎవలన్న చెప్తరా సార్?”

ఆయన నన్ను చూసిన చూపు నాకింకా కళ్లముందే ఉంది. కోపం కాదు. చెట్టు అనుకుని చేయి వేస్తే కదిలినదాన్ని చూసినట్టు. “అన్ని ఎందుకంటేలు రాసినవ్. ఒక్కటి గూడ నీ మాట కాదా!” అన్నారు. తరువాత, “నేను మీ బాపుతో మాట్లాడనా?” అన్నారు.

“వద్దు సార్. మాట పోతది.”

“ఎవరి మాట?”

నేను సంచి భుజాన వేసుకుని ఇంటి తోవ పట్టాను.

నేతపని వాళ్ల పిల్ల కూడా వ్యాసం రాసింది. ఎనిమిదికి పంపమనే. దానికి ఎవరి ముందు చదవాలో తెలియక వాళ్ల అవ్వ ముందు చదివిందట. అవ్వ విని, కళ్లు తుడుచుకుని, కండె అందుకోమందట. అది నాకు చెప్పి, “నీకు దొరికింది గదా, మంచిగైంది” అంది. నిజంగానే అంది. నేను తల ఎత్తలేకపోయాను.

తొలకరి పడ్డాక నా ప్రయాణం. రేకుపెట్టె, సకినాల డబ్బా, అవ్వ ఎందుకైనా మంచిదని మూటగట్టిన వాము, శొంఠి. బస్సు పైన పెట్టె వేయడానికి క్లీనర్ ఎంతో అడిగాడు. బాపు అడిగినంతా ఇచ్చేశాడు. నేను కిటికీలోంచి చూసి నిర్ఘాంతపోయాను. ఆయన బేరం ఆడకుండా ఒక మనిషికి ఏదైనా ఇవ్వడం నేను పుట్టాక చూడలేదు. “జర జాగ్రత్త బిడ్డా. ఫికర్ చేయకు” అన్నాడు. నేను తల ఊపాను. ఆయన ఇంకేదో అనేవాడిలా కిటికీ ఊచ పట్టుకున్నాడు. బస్సు కదిలింది.

కరీంనగర్‌లో నాలుగేళ్లు చదివాను. ఉడికీ ఉడకని పప్పు తిన్నాను. ఆ తరువాత టీచర్ ట్రైనింగ్, ఉద్యోగం. మొదట వేసింది ఇచ్చోడ బడిలో. సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడే పిల్లలకు నేను మంథని సార్‌లాగే నల్లబల్ల మీద ‘ఎందుకంటే’ అని రాశాను. ఒక సెలవు దినం అవ్వ నా దగ్గరికి వచ్చినప్పుడు, పిల్లల వ్యాసాలు దిద్దుతుంటే పక్కన కూర్చుని అడిగింది.

“ఏంది గివి?”

“వ్యాసాలవ్వా. బాపుకు నేను సదివిన సూడు, గట్లాంటియి.”

అవ్వ ఒక కాగితం ఎత్తి, తిరగేసి చూసి, మళ్లీ కట్టలో పెట్టింది. తరువాత అంది, “గా దినం బస్సు పోయినంక మీ బాపు గాడ్నే నిలవడ్డడు. దుకాణం తెరిసే ఉన్నది, గిరాకి వచ్చి పోతున్నది. నేనే పోయి పిలుసుకచ్చిన. ‘దిగుతదనుకున్ననే’ అన్నడు.”

“దిగుడేంది?”

“ఉత్తగనే ధర అడిగేటోళ్లను సూస్తే మీ బాపు ‘తీస్కపో’ అంటడు సూడు. వాళ్లు బెదిరి సరుకు కింద పెడతరు. నీకు గూడ గట్లనే అన్నడు. నువ్వు బెదురుతవ్, ‘వద్దు బాపూ’ అంటవనుకున్నడు. బస్సెక్కేదాక అనుకున్నడు.”

నా చేతిలోని ఎర్రసిరా కలం కాగితం మీదే ఆగి, ఒక పిల్ల వ్యాసం మీద పెద్ద మరక పడింది. ఇద్దరం! ఇద్దరం ఉత్తగానే అన్నాం. ఉత్తమాట మీద నేను ఇల్లు విడిచాను, ఉత్తమాట మీద ఆయన పంపాడు.

ఆ తరువాతి సెలవులకే ఊరికి పోయాను. బాపు దుకాణంలో తన గద్దె మీద ఉన్నాడు. తల నెరిసింది. ఇన్నాళ్ల తరువాత తిన్నగా అడిగాను.

“బాపూ, నాడు నన్ను కరీంనగర్ పొమ్మన్నది నిజంగనే అన్నవా?”

ఆయన నా వైపు చూడలేదు. “నువ్వు నిజంగనే అడిగినవా?”

పాత అలవాటు గొంతుదాకా వచ్చింది, ముందు నువ్వే చెప్పు అనడానికి. మింగేశాను. “లేదు. నాకు కావలసింది పక్కూరి బడే. పొద్దుగాల పోయి పొద్దూకంగ వచ్చుడు.”

బాపు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. “గదే ఇద్దామనుకున్న. నువ్వు అడగకున్నా ఇచ్చేటోన్ని. బస్సు డ్రైవర్‌కు గూడ చెప్పి పెట్టిన, మా పొల్లను ముంగట సీట్ల కూసోబెట్టుకొమ్మని.”

“ఎప్పుడు?”

“సంక్రాంతికే.”

అంటే నేను వ్యాసం మొదలుపెట్టకముందే. గద్దె అంచు మీద కూర్చున్నాను. కరీంనగర్ పోవడం వల్ల నాకు చదువు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, దాన్ని నష్టమని అనలేను, అంటే దేవుడు ఊరుకోడు. కానీ ఆ ఏళ్ల సాయంత్రాలన్నీ ఎక్కడికి పోయాయి? మంథని సార్ చెప్పినట్టే బాపు ఏమంటాడో ఒక్కటి వదలకుండా రాశాను. కాదనడానికి ఆయనకు ఉండే కారణాలన్నీ రాశాను. ఆయన అవునంటాడేమో అన్నది మాత్రం నాకు తట్టనే లేదు.